ఏడాది పాప ఒక చెయ్యే వాడుతోందా? నడక వచ్చేదాకా ఆగకండి

ప్రశ్న: మా పాపకు 13 నెలలు. 34 వారాలకే కాన్పయింది. పుట్టినప్పుడు బరువు 1.9 కిలోలు. పుట్టగానే ఏడవలేదని పది రోజులు ఐసీయూలో ఉంచారు. ఇప్పుడు మంచం పట్టుకుని నిలబడుతుంది గానీ అడుగు వేయడం లేదు. పాకేటప్పుడు ఒక పక్క ఈడుస్తుంది. ఏది ఇచ్చినా కుడి చేత్తోనే అందుకుంటుంది, తొమ్మిదో నెల నుంచీ అంతే. కాళ్లు కాస్త దొడ్డిగా ఉన్నాయి. వాకర్‌లో కూర్చోబెడుతున్నాం. మెడికల్ షాపులో అడిగితే క్యాల్షియం సిరప్, వారానికొకటి వేయమని విటమిన్ డి సాచెట్లు ఇచ్చారు. నడక రావాలంటే ఏ నూనెతో మర్దన చేయాలి? తెలిసినవాళ్లు ఫిజియోథెరపీ చేయించమంటున్నారు. ఇంత చిన్న పిల్లకు నరాలు దెబ్బతినవా? మా అత్తగారేమో ‘వాళ్ల నాన్న కూడా ఏడాదిన్నరకే నడిచాడు, ఆగండి’ అంటున్నారు.
- ఒక తల్లి, కరీంనగర్ జిల్లా

జవాబు: నడక సంగతి తర్వాత చూద్దాం అమ్మా. పాప తొమ్మిదో నెల నుంచీ అన్నీ కుడి చేత్తోనే అందుకుంటోందన్నారే, నాకు టెన్షన్ పెట్టింది ఆ మాట. మీరు మామూలుగా రాసేశారు గానీ, పిల్లల డాక్టర్లు ఎవరు చదివినా ముందు దాని దగ్గరే ఆగుతారు.

ఏడాదిలోపు పిల్లలకు చేతివాటం ఉండదు. బొమ్మ ఎటు ఉంటే అటు చెయ్యి చాస్తారు. కుడో ఎడమో అన్నది రెండో ఏడు వచ్చాక మెల్లగా తేలుతుంది. అంతకుముందే ఒక చేతినే వాడుతుంటే రెండో చెయ్యి వెనకబడిందేమోనని చూడాలి. మీ పాప విషయంలో నెలలు నిండకముందే కాన్పు, పుట్టగానే ఏడవకపోవడం, పాకుడులో ఒక పక్క ఈడ్చడం కూడా ఉన్నాయి. మెదడులో ఒక వైపు దెబ్బ తగిలితే దానికి ఎదుటి వైపు చెయ్యి, కాలు బిగుసుకుంటాయి. హెమిప్లీజియా అంటాం. పసితనంలో మెదడు దెబ్బతిని కదలికలు సరిగ్గా రాకపోవడాన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారు, అందులో ఇదొక రకం. మీ పాపకు అదే ఉందని నేను అనడం లేదు. చూడకుండా ఎవరూ అనకూడదు. కాన్పులో భుజం దగ్గర నరం సాగినా ఒక చెయ్యి వెనకబడుతుంది. పరీక్ష చేశాక ఏమీ లేదనీ తేలొచ్చు. కానీ ఆ పరీక్ష ఈ వారంలోనే జరగాలి.

అపాయింట్‌మెంట్ దొరికేలోగా ఇంట్లో ఒకటి గమనించండి. పాపను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, ఇష్టమైన గిలక్కాయను ఎడమ పక్కన, చేతికి అందేంత దూరంలో పెట్టండి. ఎడమ చెయ్యి ముందుకొస్తుందా, లేక నడుము మొత్తం తిప్పి కుడి చేత్తోనే లాక్కుంటుందా? ఎడమ పిడికిలి మూసుకునే ఉంటుందా, బొటనవేలు లోపలికి ముడుచుకుందా? గౌను తొడిగేటప్పుడు ఆ మోచెయ్యి చాపడానికి గట్టిగా ఉంటుందా? నిలబడ్డప్పుడు రెండు మడమలూ నేలకు ఆనుతున్నాయా? ఇవన్నీ ఫోన్లో వీడియో తీసి తీసుకెళ్లండి. డాక్టరు గదిలోకి రాగానే పిల్లలు ఏడుపు లంకించుకుంటారు, అప్పుడు సరిగ్గా చూడటం కష్టం. ఇంట్లో తీసిన రెండు నిమిషాల వీడియో మాకు చాలా పనికొస్తుంది.

ఇక నడక. పాప ఆరు వారాలు ముందు పుట్టింది కాబట్టి ఎదుగుదల చూసేటప్పుడు ఆ ఆరు వారాలు తీసేయాలి. రెండేళ్లు వచ్చేదాకా ఇదే లెక్క. అలా చూస్తే పాపకిప్పుడు పదకొండున్నర నెలలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం సొంతంగా నడవడం 8 నెలల నుంచి పదిహేడున్నర నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. కాబట్టి నడక ఆలస్యమైందని ఇప్పుడే అనలేం. ఆ మేరకు మీ అత్తగారి మాటలో తప్పు లేదు. ఇది చదివే మగపిల్లల తల్లిదండ్రులకు మాత్రం ఒక మాట: 18 నెలలు నిండినా బాబు నడవకపోతే కండరాల జబ్బు ఉందేమో చూడటానికి సీపీకే అనే రక్తపరీక్ష చేయించమని డాక్టర్ని అడగండి.

కానీ ‘వాళ్ల నాన్న కూడా లేటే’ అన్న మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఆ మాట నమ్మి ఆగి, రెండున్నరేళ్లకు, మూడేళ్లకు పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు ఎంతోమంది. నాన్న లేటుగా నడిచి ఉండొచ్చు, కానీ ఆయన చిన్నప్పుడు రెండు చేతులతోనూ ఆడుకున్నాడా అని ఎవరూ అడగరు. మొదటి రెండేళ్లలో మెదడు చాలా వేగంగా ఎదుగుతుంది, ఏ పని ఎక్కువగా చేయిస్తే దాని దారులు బలపడతాయి. వాడని చేతిని పిల్లలు క్రమంగా వదిలేస్తారు. ఎముక పొడవు పెరిగే కొద్దీ బిగుసుకున్న కండ దానితో సాగదు, మడమ పైకి లేచిపోతుంది. అప్పటికి వస్తే స్ప్లింట్లు (చెయ్యీ కాలూ సరైన తీరులో పట్టి ఉంచే పట్టీలు), ఇంజెక్షన్లు, ఒక్కోసారి ఆపరేషన్ దాకా వెళ్లాల్సి వస్తుంది. అప్పుడు వచ్చినా మేము చేయగలిగింది చేస్తాం. కాకపోతే ఇప్పుడు ఆటతో అయ్యే పని అప్పుడు ఆటతో అవ్వదు.

ఫిజియోథెరపీతో నరాలు దెబ్బతింటాయన్న భయం వద్దు. పిల్లల విషయంలో శిక్షణ ఉన్న థెరపిస్టు పసిపిల్ల చెయ్యి పట్టి లాగరు, కరెంటు పెట్టరు. ఎక్కువగా ఆడిస్తారు, మీ చేత ఆడింపజేస్తారు. పెద్ద బంతి ఇస్తే ఒక చేత్తో పట్టుకోలేదు, రెండో చెయ్యి రావాల్సిందే. మూత ఉన్న స్టీలు డబ్బా, రెండు చేతులతో పట్టుకునే గ్లాసు, స్నానంలో చప్పట్లు, ఇవన్నీ థెరపీయే. సెంటర్లో వారానికి రెండు మూడు గంటలు చేసేదానికంటే రోజంతా ఇంట్లో మీరు చేయించేదే ఎక్కువ. అందుకే థెరపిస్టు పాపను లోపలికి తీసుకెళ్లి, మిమ్మల్ని బయట కూర్చోబెడితే ఒప్పుకోకండి. పక్కనే ఉండి నేర్చుకోండి. బాగున్న చేతికి కాసేపు తొడుగు వేసి రెండో చేతితో ఆడించే పద్ధతి కూడా ఉంది. అది ఎప్పుడు, ఎంతసేపు అన్నది థెరపిస్టు చెప్పాలి. వీడియో చూసి ఇంట్లో కుడి చెయ్యి కట్టేయకండి. నరాలు సరిచేస్తామని కీళ్లు విరిచేవాళ్ల దగ్గరికి అసలు వెళ్లకండి.

ఇప్పుడు కాస్త కోప్పడతాను. మీకు షాపులో ఇచ్చిన విటమిన్ డి సాచెట్ సాధారణంగా 60,000 యూనిట్లు ఉంటుంది, ప్యాకెట్ మీద చూడండి. మామూలుగా ఏడాదిలోపు పిల్లలకు రోజుకు 400, ఆ తర్వాత 600 యూనిట్లు చాలు. వారానికొక సాచెట్ అంటే రోజుకు ఎనిమిది వేలు దాటిపోతుంది. రికెట్స్ (విటమిన్ డి లోపంతో ఎముకలు మెత్తబడే జబ్బు) ఉన్న పిల్లలకు ఎక్కువ మోతాదు మేమూ ఇస్తాం, కానీ పరీక్షలు చేసి, లెక్క కట్టి, ఇన్ని రోజులని చెప్పి ఇస్తాం. ఇది పాపను చూడకుండా కౌంటర్ మీద ఇచ్చిన మందు. సాచెట్లూ, క్యాల్షియం సిరప్పూ ఈరోజే ఆపండి. ఎన్ని వేశారో మీరు రాయలేదు, ఆ లెక్క డాక్టరుకు చెప్పండి. రక్తంలో క్యాల్షియం, విటమిన్ డి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాల్సి రావచ్చు. వాంతులు, మలబద్ధకం, పాలు తాగకపోవడం, మూత్రం ఎక్కువగా పోవడం ఉంటే వారం ఆగకుండా ఇప్పుడే వెళ్లండి. దొడ్డికాళ్లు రెండేళ్ల దాకా చాలామంది పిల్లల్లో ఉంటాయి. రెండు కాళ్లూ సమానంగా ఉంటే సాధారణంగా వాటంతటవే సర్దుకుంటాయి. ఒక కాలే వంగినా, వంపు పెరుగుతున్నా ఎక్స్‌రే తీస్తాం.

వాకర్ తీసేయండి, ఇంకొకరికి ఇవ్వకండి కూడా. దానివల్ల నడక త్వరగా రాదు, పిల్లలు మునివేళ్ల మీద తోసుకోవడం అలవాటు చేసుకుంటారు. కెనడాలో 2004 నుంచి వీటి అమ్మకమే నిషేధం. నూనె ఏదైనా ఒకటే, కొబ్బరి నూనో నువ్వుల నూనో మృదువుగా రాయండి, నడకకు మాత్రం అది మందు కాదు.

ముందు పిల్లల డాక్టరుకు చూపించండి. అవసరమైతే వారు పిల్లల న్యూరాలజిస్టు దగ్గరికి పంపి, మెదడు ఎమ్మారై, తుంటి కీళ్ల ఎక్స్‌రే చేయిస్తారు. రిపోర్టులు వచ్చాకే థెరపీ అనుకోవద్దు, డాక్టరు సరేనంటే రెండూ ఒకేసారి మొదలుపెట్టొచ్చు. ఖర్చు గురించి వెనకాడకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో పెట్టిన సత్వర చికిత్స కేంద్రాల్లో ఈ పరీక్షలు, ఫిజియోథెరపీ ఉచితం. మీకు దగ్గరలో ఎక్కడుందో అంగన్‌వాడీ టీచర్‌నో ఆశా కార్యకర్తనో అడగండి. వెళ్లేటప్పుడు ఐసీయూ డిశ్చార్జి కాగితాలు, టీకాల కార్డు, ఆ సాచెట్ ప్యాకెట్ పట్టుకెళ్లండి. మధ్యలో పాప ఉలిక్కిపడ్డట్టు వరసగా ముందుకు వంగినా, చెయ్యో కాలో కొట్టుకున్నా, వచ్చిన పనులు మర్చిపోతున్నట్టు అనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.