రిజిస్టర్‌లో ఉన్న ఇంటికి మేకు కొట్టకూడదా?

అమెరికా పల్లె కౌంటీల్లోని చారిత్రక కట్టడాలపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఒహాయోలో ఓ పల్లె కౌంటీలో పొలంతోపాటు 1880ల నాటి ఇటుక ఇల్లు కొన్నాం. ఇల్లు నేషనల్ రిజిస్టర్ ఆఫ్ హిస్టారిక్ ప్లేసెస్‌లో ఉందని కొన్నాక తెలిసింది. ఇక కిటికీ మార్చాలన్నా ప్రభుత్వాన్ని అడగాలా?

జవాబు: రిజిస్టర్ కోసమైతే అక్కర్లేదు. 1966 నాటి నేషనల్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ చట్టంతో వచ్చిన ఈ జాబితాను నేషనల్ పార్క్ సర్వీస్ చూసుకుంటుంది. ఇది గుర్తింపే తప్ప కట్టుబాటు కాదు. సొంత ఇంటికి సొంత డబ్బుతో రంగు మార్చినా, గోడ తీసేసినా, ఆఖరికి ఇల్లే కూల్చినా ఫెడరల్ చట్టం అడ్డురాదు. దీన్ని తలకిందులుగా నమ్మేవాళ్లే ఎక్కువ. ‘రిజిస్టర్‌లో ఉంది కదా, ఎవరూ ముట్టుకోలేరు’ అన్న ధీమాతో ఊరి పాత బడిని పోగొట్టుకున్న చోట్లున్నాయి.

మిమ్మల్ని నిజంగా కట్టేసేవి వేరే ఉన్నాయి. ఒకటి స్థానిక ఆర్డినెన్స్. ఊరికో కౌంటీకో సొంత ప్రిజర్వేషన్ కమిషన్ ఉండి, మీ ఇల్లు వాళ్ల జాబితాలో కూడా ఉంటే, బయటి మార్పులకు ముందుగా ‘సర్టిఫికెట్ ఆఫ్ అప్రోప్రియేట్‌నెస్’, అంటే ఆ మార్పు కట్టడానికి తగినదేనన్న అనుమతి, తీసుకోవాలి. పల్లె కౌంటీల్లో ఇలాంటి కమిషన్ లేని చోట్లే ఎక్కువ, అయినా జోనింగ్ ఆఫీసులో ఒక మాట అడగండి. రెండోది ప్రిజర్వేషన్ ఈజ్‌మెంట్, అంటే కట్టడం స్వరూపం చెడగొట్టబోమని రాసిచ్చే చట్టపరమైన ఒప్పందం. పాత యజమాని ఎవరైనా ఏదైనా ట్రస్టుకు రాసిచ్చి ఉంటే అది ఆస్తి వెంటే వస్తుంది, చేతులు మారినా పోదు. కౌంటీ రికార్డర్ ఆఫీసులో పాత దస్తావేజులన్నీ చూస్తే బయటపడుతుంది. పాత గ్రాంటు ఏదైనా తీసుకుని ఉంటే దాని షరతులు కూడా అక్కడే దొరుకుతాయి.

హైవే విస్తరణ, ఫెడరల్ లైసెన్సు కావాల్సిన సెల్ టవర్ లాంటివి మీ ఇంటి దగ్గరికి వస్తే మాత్రం రిజిస్టర్ పనికొస్తుంది. ఆ 1966 చట్టంలోని సెక్షన్ 106 ప్రకారం సంబంధిత ఫెడరల్ సంస్థ మీ కట్టడంపై పడే ప్రభావాన్ని ముందే పరిశీలించి, రాష్ట్ర ప్రిజర్వేషన్ ఆఫీసుతో సంప్రదించాలి. అయితే అది పరిశీలించమంటుందే గానీ ఆపమనదు.

ఇక మీ కిటికీల సంగతి. మార్చకముందు మంచి వడ్రంగికి చూపించండి. ఆ కాలపు చెక్క ముదురు చేవ, ఇప్పటి చెక్క కంటే గట్టిది. రెక్కను పైకీ కిందికీ జరిపే తాడు తెగితే అది, ఊడిన పుట్టీ, పుచ్చిన కింది పట్టీ మార్చుకుంటే అదే కిటికీ ఇంకో తరం నిలుస్తుంది. బయట స్టార్మ్ విండో, అంటే ఉన్న కిటికీ మీద ఇంకో అద్దాల కిటికీ, బిగిస్తే చలి కూడా చాలావరకు ఆగుతుంది. 1978కి ముందు ఇల్లు కాబట్టి పెయింటులో సీసం ఉందనే అనుకోండి. పొడిగా గీకొద్దు, తడిపి గీకండి. డబ్బిచ్చి చేయిస్తుంటే ఆ పనికి ఈపీఏ (ఫెడరల్ పర్యావరణ సంస్థ) సర్టిఫికెట్ ఉన్న కాంట్రాక్టరే ఉండాలి.

ప్రశ్న: మాదీ పాత ఇటుక ఇల్లే. రెండేళ్ల కిందట ఇటుకల మధ్య దర్జులన్నీ తవ్వించి గట్టి సిమెంటుతో పూడ్పించాం. ఇప్పుడు దర్జులు చెక్కుచెదరలేదు గానీ ఇటుకల ముఖాలు పెచ్చులుగా ఊడుతున్నాయి. ఇటుకే నాసిరకమా?

జవాబు: ఇటుకది తప్పు కాదు, సిమెంటుది. పాత ఇటుక మెత్తన, దాని మధ్య సున్నపు మాలు ఇంకా మెత్తన. గోడలోకి చేరిన చెమ్మ దర్జుల గుండా బయటికి పోవాలి, గోడ కదిలితే ఆ ఒత్తిడిని కూడా దర్జే భరించాలి. పోర్ట్‌లాండ్ సిమెంటుతో దర్జును బిగించేస్తే చెమ్మ ఇటుక గుండానే బయటికి రావాలి. చలికాలంలో అది ఇటుకలోనే గడ్డకట్టి ఉబ్బుతుంది, ముఖం ఊడిపోతుంది. దర్జు అరిగితే మళ్లీ పూడ్చుకోవచ్చు, ఇటుక పోతే అలాంటిది దొరకదు.

సిమెంటును ఇప్పుడు అంతా ఒక్కసారి తీయించకండి. పెచ్చులూడుతున్న చోట, నీళ్లు పడే చోట మొదలుపెట్టండి. ఇటుకకు గట్టిగా అతుక్కున్న సిమెంటును తీయబోతే అంచులు కూడా విరుగుతాయి, అక్కడ వదిలేయడమే మేలు. నిలువు దర్జుల్లో యాంగిల్ గ్రైండర్ పెట్టనివ్వొద్దు, పైకీ కిందికీ ఇటుకను కోసేస్తుంది. సన్న ఉలి, చిన్న సుత్తితో చేయించండి. దర్జు వెడల్పుకు రెండు నుంచి రెండున్నర రెట్ల లోతు తవ్వాలి: అర అంగుళం దర్జుకు అంగుళం, అంగుళంపావు. అంతకన్నా పైపైన పూడిస్తే ఊడి వస్తుంది.

మాలు పాళ్లు: ఒక పాలు సున్నం, రెండున్నర నుంచి మూడు పాళ్ల శుభ్రమైన గరుకు ఇసుక. ఎండావానా బాగా తగిలే గోడకు తడిలోనూ గట్టిపడే సహజ హైడ్రాలిక్ సున్నం నయం. మేస్త్రీ సిమెంటు లేనిదే చేయనంటే ఒక పాలు తెల్ల సిమెంటు, రెండు పాళ్ల సున్నం, తొమ్మిది పాళ్ల ఇసుకతో సరిపెట్టండి. మరీ మెత్తని ఇటుకకు అది కూడా ఎక్కువే. ఇసుక రంగు, గరుకుదనం పాతదానికి దగ్గరగా ఉండాలి. దర్జు రంగంతా ఇసుకలోనే ఉంటుంది. కనబడని మూల గజం మేర చేయించి, ఆరాక పాతదాని పక్కన పోల్చి చూడండి.

దర్జును ముందు తడపాలి, నీళ్లు నిలవకూడదు. పావు అంగుళం మందంగా పొరలు పొరలుగా నింపాలి, ఒక పొర బొటనవేలు నొక్కితే ముద్ర పడేంత గట్టిపడ్డాక ఇంకోటి. ఇటుక అంచుల మీదికి మాలు పూయకూడదు, పలుచని ఆ పొర త్వరలోనే ఊడుతుంది. 40 నుంచి 95 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్యే ఈ పని. సున్నం నిదానంగా గట్టిపడుతుంది కాబట్టి కొన్ని రోజులు తడి గోనెపట్టా కప్పి, ఎండ తగలకుండా చూడండి. మంచు పడేలోగా గట్టిపడేలా ముందే మొదలుపెట్టాలి. ఇసుకను ఒత్తిడితో చిమ్మి గోడ శుభ్రం చేస్తామనే మనిషి వస్తే గేటు బయటే ఆపేయండి. కాల్చిన ఇటుకకు పైన ఉండే గట్టి పొర ఒక్కసారి పోతే తిరిగి రాదు. నీళ్లు పీల్చకుండా పూసే సీలర్లు కూడా ఇలాంటివే, చెమ్మను లోపలే బంధిస్తాయి.

ప్రశ్న: రిజిస్టర్‌లో ఉన్న మా పాత బార్న్‌ను (పంట, పశువుల కోసం కట్టిన పెద్ద కొట్టాన్ని) బాగుచేసి పెళ్లిళ్లకు అద్దెకిద్దామనుకుంటున్నాం. 20 శాతం ఫెడరల్ పన్ను రాయితీ వస్తుందా?

జవాబు: ఆదాయం తెచ్చే కట్టడాలకే వస్తుంది, సొంత నివాసానికి రాదు. మీది వ్యాపారం కాబట్టి అర్హత ఉంది. కానీ అసలు పరీక్ష ఖర్చుది: 24 నెలల వ్యవధిలో మీ మరమ్మతు ఖర్చు, స్థలం విలువ తీసేశాక కట్టడానికి మిగిలిన పుస్తక విలువను దాటాలి. ఆ విలువ 5,000 డాలర్లకు తక్కువైతే 5,000ను దాటాలి. ఉదాహరణకు మొత్తం 1,80,000 డాలర్లకు కొన్నారు, అందులో స్థలం 1,10,000. అప్పుడు 70,000 దాటేలా ఖర్చు పెట్టాలి. 80,000 పెడితే 16,000 రాయితీ, అది ఏటా 3,200 చొప్పున ఐదేళ్లకు. కొత్తగా చేర్చిన గదులు, పార్కింగు ఖర్చు ఈ లెక్కలోకి రావు.

దరఖాస్తులో పార్ట్ 2, అంటే చేయబోయే పని వివరణ, పని మొదలుకాకముందే పంపండి. ముందే విప్పేసి తర్వాత అడిగితే, నచ్చకపోతే నష్టం మీదే. ప్రతి గది, ప్రతి గోడ ఫొటో తీసి పెట్టండి. బార్న్‌లో జనం ఎక్కువగా తప్పేది దూలాల మధ్య ఖాళీ దగ్గరే. లోపల పైకప్పు దాకా కనిపించే విశాలమైన చోటే బార్న్ స్వరూపం. దాన్ని గదులుగా కోసినా, గోడలకు జిప్సం బోర్డు కొట్టేసినా తిరస్కరిస్తారు. పని ముగిసి వాడుకలోకి వచ్చిన ఐదేళ్లలో అమ్మితే రాయితీలో కొంత వెనక్కి కట్టాలి. మీ రాష్ట్రంలో రాష్ట్ర రాయితీ కూడా ఉందేమో అడగండి, చాలా రాష్ట్రాల్లో ఉంది.

ప్రశ్న: మా కౌంటీలోని పాత చెక్క చర్చిని, ఇంకో చోటి నుంచి తెచ్చి పెట్టిన ఒక గది బడిని రిజిస్టర్‌లో చేర్పించాలని ఉంది. సాధ్యమేనా?

జవాబు: చర్చికి అవకాశముంది, నిర్మాణ శైలికో చరిత్రకో విలువ ఉంటే. భక్తి ఒక్కటే కారణమైతే కుదరదు. బడి విషయం కష్టం. ఉన్నచోటి నుంచి కదిలిన కట్టడాన్ని సాధారణంగా ఒప్పుకోరు, దాని విలువ ప్రధానంగా నిర్మాణ శైలిలోనే ఉందనో, ఓ చారిత్రక వ్యక్తితో గానీ సంఘటనతో గానీ ముడిపడి మిగిలిన అతి ముఖ్యమైన కట్టడం అదేననో చూపగలిగితే తప్ప. మామూలుగా యాభై ఏళ్లు నిండాలి, పాత స్వరూపం మిగలాలి. రాష్ట్ర ప్రిజర్వేషన్ ఆఫీసుకు ముందు ఒక చిన్న విచారణ పత్రం, ఫొటోలు పంపి అభిప్రాయం అడగండి. తర్వాతే పెద్ద నామినేషన్ రాయండి, అది నెలల పని. రాష్ట్ర సమీక్షా మండలి ఒప్పుకుని వాషింగ్టన్‌కు పంపాక అక్కడి గడువు 45 రోజులు. ప్రైవేటు యజమాని ఒక్కరే అయి అభ్యంతరం చెబితే కట్టడం చేరదు, కాబట్టి యజమానితో ముందే మాట్లాడండి.

ప్రశ్న: మా కౌంటీ జాబితాలో కొన్నింటికి అడ్రస్ ఉండదు, ‘అడ్రస్ రిస్ట్రిక్టెడ్’ అని ఉంటుంది. ఎందుకు?

జవాబు: అవి ఎక్కువగా పురావస్తు స్థలాలు. దొంగ తవ్వకాల భయం ఉన్నచోట స్థలం వివరాలు దాచే వీలు చట్టంలోనే ఉంది. మీ పొలంలో రాతి బాణపు మొన దొరికితే ఎక్కడ దొరికిందో గుర్తుపెట్టుకుని ఫొటో తీయండి, చుట్టూ తవ్వకండి. మనిషి ఎముకలు కనిపిస్తే పని ఆపి షెరిఫ్‌కు చెప్పాలి.

ప్రశ్న: ఇంటికి పెట్టే ఇత్తడి ఫలకం ప్రభుత్వం ఇస్తుందా?

జవాబు: ఇవ్వదు. ఫలకం పెట్టడం తప్పనిసరీ కాదు. కావాలంటే మీరే చేయించుకోవాలి. బిగించేటప్పుడు మరలు దర్జులో దించండి, ఇటుకలో కాదు.