కంప్యూటర్ ప్రశ్నలు – జవాబులు: పాత సిస్టమ్‌ను పారేయమన్నారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే దిగులు కనిపించింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది కనుక ఇంట్లో ఉన్న సిస్టమ్ ఇక పనికిరాదేమో అన్నదే ఆ దిగులు. అందుకే ఆ ప్రశ్నకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, మా పిల్లల చదువు కోసం 2017లో డెస్క్‌టాప్ కొన్నాము. ఏడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఇప్పుడు స్విచ్ వేసి, వంటింట్లోకి వెళ్లి, కాఫీ కలుపుకుని వచ్చినా ఇంకా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. విండోస్ 11 ఎక్కదని కూడా రాసి వస్తోంది. శ్రీకాకుళంలో ఒక షాపులో చూపిస్తే, "దీని మీద ఇంక పైసా పెట్టకండి మేడమ్, కొత్తది తీసుకోండి" అన్నారు. నిజంగా అంతేనా?
— ఒక ఉపాధ్యాయురాలు, ఆమదాలవలస

జవాబు: మీరు రాసినవి రెండు వేర్వేరు జబ్బులు. షాపువారు రెంటికీ కలిపి ఒకే మందు రాసి ఇచ్చారు. ఆ మందు ఖరీదైనది, పైగా మొదటి జబ్బుకు అవసరం లేనిది.

ముందు నెమ్మదితనం సంగతి చూద్దాం. మీ క్యాబినెట్ ముందు భాగంలో పవర్ లైటు పక్కన ఇంకో చిన్న లైటు ఉంటుంది. సిస్టమ్ ఆన్ చేసిన దగ్గరనుంచి అది రెప్ప వేయకుండా వెలుగుతూనే ఉంటే, తప్పు ప్రాసెసర్‌ది కాదు, హార్డ్ డిస్క్‌ది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒకేసారి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. 'డిస్క్' అన్న గడిలో 100 శాతం అని ఉండి, 'సీపీయూ' గడిలో పదో పదిహేనో శాతం మాత్రమే కనిపిస్తే ఇక అనుమానమే అక్కర్లేదు.

హార్డ్ డిస్క్ లోపల రికార్డు ప్లేటు లాంటి పళ్లెం ఒకటి నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు ఎనిమిది మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. కావలసిన ముక్క ఉన్న చోటికి దాని ముల్లు జరగాలి, ఆ ముక్క తిరిగి ముల్లు కిందికి రావాలి. ఇంత తతంగంతో అది సెకనుకు వంద చిన్న ముక్కలు తెచ్చిపెడితే గొప్ప. విండోస్ ఆన్ అయ్యేటప్పుడు అడిగేవి అటువంటి చిన్న ముక్కలే, అవీ వేలకొద్దీ. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయానికి మీరు వెళ్లి, వెయ్యి వేర్వేరు పత్రికల్లోని వెయ్యి కథలు ఒకేసారి అడిగారనుకోండి. ఒక్క మనిషే బీరువాకూ బల్లకూ మధ్య వెయ్యిసార్లు తిరగాలి. హార్డ్ డిస్క్ పరిస్థితి అదే. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెమూ లేదు, ముల్లూ లేదు; హార్డ్ డిస్క్ బదులు వాడే ఈ పరికరం సమాచారాన్ని చిప్‌లలోనే దాచుకుంటుంది. హార్డ్ డిస్క్ తీగకే తగిలించగల, సాధారణమైన సాటా ఎస్‌ఎస్‌డీ కూడా సెకనుకు పదివేల ముక్కలకు పైగానే అందిస్తుంది.

కాబట్టి 240 లేదా 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి వేయించి, విండోస్‌ను అందులోకి మార్పించండి. పాత డిస్క్‌ను తీసేయకండి, పిల్లల ఫోటోలకూ వీడియోలకూ అది ఇంకా పనికొస్తుంది. ర్యామ్‌ను 8 జీబీకి పెంచడం రెండో పని. అయితే ఏఐ సర్వర్ల కోసం చిప్‌లు అటు మళ్లిపోవడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ఎస్‌ఎస్‌డీలూ ఆ బాటే పట్టాయి. డబ్బు చూసుకుని పెట్టాల్సి వస్తే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి. ర్యామ్ మాత్రం నమ్మకమైన చోట సెకండ్ హ్యాండ్‌లో దొరికినా తీసుకోవచ్చు, ఎందుకంటే అరిగిపోయే భాగమేదీ అందులో లేదు.

ఇక రెండో జబ్బు. 2015 జులైలో వచ్చిన విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ముగిసింది. అంటే ఆ రోజు నుంచి సిస్టమ్ ఆగిపోతుందని కాదు. కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు ఉచితంగా వచ్చే మరమ్మతులు ఆగుతాయి. అయితే ఇళ్లలో వాడేవారి కోసం మైక్రోసాఫ్ట్ మరో ఏడాది, 2026 అక్టోబర్ 13 వరకు, ఆ మరమ్మతులను పొడిగించింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులను బ్యాకప్ చేయడానికి ఒప్పుకుంటే డబ్బు కట్టనక్కర్లేదు. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలోనే అందులో చేరే అవకాశం ఉంటుంది. ముందు ఆ పని చేసుకోండి, ఊపిరి పీల్చుకోవడానికి సమయం దొరుకుతుంది.

విండోస్ 11 మీ సిస్టమ్‌కు ఎక్కకపోవడానికి కారణం శక్తి చాలకపోవడం కాదు. ఇంటెల్‌లో, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచే అనుమతిస్తామని మైక్రోసాఫ్ట్ గీత గీసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలంది. ఆ చిప్ వల్ల నిజమైన ఉపయోగమే ఉంది. డిస్క్‌లోని సమాచారానికి వేసే తాళంచెవి అందులో భద్రంగా ఉంటుంది. కానీ మార్కులు టైపు చేసుకునే, పాఠాల వీడియోలు చూపించుకునే యంత్రాన్ని చెత్తలో వేయడానికి ఆ కారణం చాలదని నా అభిప్రాయం. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించి ఇచ్చేవారూ ఉన్నారు. రేపు ఏదైనా పెద్ద అప్‌డేట్ మొరాయిస్తే అడగడానికి ఎవరూ ఉండరు కనుక, నేను మీకు ఆ సలహా ఇవ్వను.

ఏడాది గడువు తీరాక, విండోస్ బదులు వాడే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ చూడండి. ఇప్పటి 22వ శ్రేణికి 2029 వరకు మద్దతు ఉంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెర కూడా విండోస్‌కు అలవాటుపడిన చేతికి కొత్తగా అనిపించదు. డిస్క్‌లో ఏమీ మార్చకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు. ఒక ఆదివారం కూర్చుని మీ ప్రింటర్, వైఫై, తెలుగు టైపింగ్ పనిచేస్తున్నాయో లేదో పరీక్షించుకోండి. బిల్లుల కోసం డిజిటల్ సంతకం డాంగిల్ వాడే పని ఉంటే మాత్రం, అది లినక్స్‌లో నడుస్తుందని తేల్చుకున్నాకే మారండి.

ప్రశ్న: మాది మూడు లాంతర్ల దగ్గర చిన్న డీటీపీ షాపు. పెళ్లికార్డులు, కరపత్రాలు, సిరిమానోత్సవం రోజుల్లో ఫ్లెక్సీలు చేస్తాం. అంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను తెలుగు ఫాంట్లు. విండోస్ 10కు మద్దతు ఆగిపోయిందన్న భయం మాకూ ఉంది. మా కుర్రాడు లినక్స్‌కు మారిపోదామంటున్నాడు. మారవచ్చా?
— ఒక షాపు యజమాని, విజయనగరం

జవాబు: వద్దు. పెళ్లిళ్ల సీజన్ ముందు అసలే వద్దు.

పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. పాతికేళ్ల కిందటి ఆ సరుకు మీద మన జిల్లాల పెళ్లికార్డులు ఇంకా నడుస్తున్నాయంటే మీ చేతి పనితనానికి దండం పెట్టాలి. కానీ అది విండోస్ సరుకు. లినక్స్‌లో ఎలాగో తెరిపించినా, మీ వేళ్లకు అలవాటైన అను కీబోర్డు అక్కడ నమ్మకంగా పలకదు.

మీ అసలు ఇబ్బంది ఆపరేటింగ్ సిస్టమ్‌లో లేదు, ఫాంటులో ఉంది. అను వంటి పాత ఫాంట్లలో 'శ్రీ' అనే అక్షరం కంప్యూటర్‌కు తెలియదు. ఇంగ్లీషు అక్షరాలకో గుర్తులకో కేటాయించిన గడుల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టారు. ఒక్కొక్క ముక్కనూ అతికించి మనం 'శ్రీరస్తు శుభమస్తు' అని చదువుకుంటున్నాం. అదే ఫైలును ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిచి చూడండి. వరుడి పేరు ఉండాల్సిన చోట కొక్కేలు, డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. పదేళ్ల కిందట మీరే చేసిన కార్డును ఇంటిపేరుతో వెతికితే ఎందుకు దొరకదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆ ఫైలులో ఆ ఇంటిపేరు లేదు, దాని బొమ్మ మాత్రమే ఉంది.

ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కో సంఖ్య కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో అలా కాదు. 1991లో వెలువడిన తొలి ప్రమాణంలోనే తెలుగుకు సొంతంగా 128 గడుల చోటు ఇచ్చారు. అందులో 'క' ఎక్కడికి వెళ్లినా 'క'నే. వాట్సాప్‌లో పెళ్లివారు పంపిన మ్యాటర్ యూనికోడ్‌లోనే ఉంటుంది. మీరు దాన్ని మళ్లీ మొదటినుంచి అనులో టైపు చేస్తున్నారు, ఆ తిరగరాతలోనే ముహూర్తం సమయాలు తారుమారై గొడవలు వస్తున్నాయి. (మా ఇంటి శుభలేఖలో ఉదయం రాత్రి అయిపోయింది. వంద కార్డుల మీద పెన్నుతో దిద్దాం.)

కనుక నా సలహా ఇది. ఇప్పుడున్న సిస్టమ్‌ను అలాగే ఉంచి, దానికి ఇంటర్నెట్ తీసేయండి. కొత్త మ్యాటర్ అంతా రెండో సిస్టమ్‌లో దించుకుని, వైరస్ తనిఖీ చేసిన పెన్‌డ్రైవ్‌తో ఇటు తెచ్చుకోండి. పార్టీలు తెచ్చే పెన్‌డ్రైవ్‌లను మాత్రం పాత సిస్టమ్‌కు ఎప్పుడూ గుచ్చకండి, నెట్ లేని సిస్టమ్‌కు చేటు వచ్చేది ఆ దారినే. రెండో సిస్టమ్‌లో కుర్రాడిచేత, పేజ్‌మేకర్ లాంటివే అయిన ఇన్‌డిజైన్‌లో గానీ, ఉచితంగా దొరికే స్క్రైబస్‌లో గానీ యూనికోడ్‌తో పని మొదలుపెట్టించండి. 2024 జనవరిలో వచ్చిన స్క్రైబస్ 1.6 తెలుగు గుణింతాలనూ ఒత్తులనూ సరిగా కూర్చగలదు, లినక్స్‌లోనూ నడుస్తుంది. ముందు కరపత్రాలతో చేయి తిప్పనివ్వండి. ముస్తాబు ఫాంట్లు యూనికోడ్‌లో తక్కువన్న మీ ఫిర్యాదు నాకు తెలుసు, అందులో నిజం ఉంది. అందుకే పెళ్లికార్డును చివరకు ఉంచమంటున్నాను.

ప్రశ్న: మా అబ్బాయికి ఇంజినీరింగ్‌లో సీటు వచ్చింది, సీఎస్ఈ. గేమింగ్ ల్యాప్‌టాప్ అయితేనే చదువుకు బాగుంటుందని పట్టుబడుతున్నాడు. షాపులో ఎనభై వేలు చెప్పారు. చదువు కోసమా, ఆటల కోసమా అన్నది తెలియడం లేదు. డబ్బు పెట్టి ఆడే ఆటల సంగతేమిటి?
— ఒక తండ్రి, రాజాం

జవాబు: రెంటికీ అనుకోండి, మీకు మనశ్శాంతి. సీఎస్ఈ మొదటి రెండేళ్లలో రాసే ప్రోగ్రాములకు ప్రత్యేకమైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఏఐ పాఠాలకు ఎన్‌విడియా కార్డు ఉపయోగపడే మాట నిజమే గానీ, ఆ అభ్యాసాలకు గూగుల్ కోల్యాబ్‌లో ఉచితంగా దొరికే యంత్రాలే మొదట్లో సరిపోతాయి.

గేమింగ్ ల్యాప్‌టాప్ రెండు కిలోలు దాటుతుంది, దాని ఛార్జరు ఒక ఇటుక. బ్యాటరీ మీద ఆడితే ఆట వేగం పడిపోతుంది, ఛార్జరు తీసిన కొద్దిసేపటికే బ్యాటరీ చేతులెత్తేస్తుంది. బస్సులో రోజూ వెళ్లి వచ్చే పిల్లవాడైతే ఈ సంగతి మీ ఇద్దరూ కలిసి ఆలోచించండి.

అయినా కొనేట్లయితే స్టిక్కరు మీది పేరు చూసి మోసపోకండి. గ్రాఫిక్స్ కార్డుల్లో ఆర్టీఎక్స్ 4050 అన్న ఒకే పేరుతో 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు తీసుకునే రకాలు ఉన్నాయి. పేరొకటే అయినా ఆటలో తేడా చాలా కనిపిస్తుంది. "ఈ మోడల్‌లో గ్రాఫిక్స్ కార్డు ఎన్ని వాట్లు?" అని మీ అబ్బాయిచేతనే అడిగించండి. షాపువారు తెల్లమొహం వేస్తే కంపెనీ పేజీలో చూపించమనండి. ర్యామ్ ఒకే ముక్కగా కాక రెండు ముక్కలుగా ఉందో లేదో కూడా అడగాలి. మామూలు ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ ఆ ర్యామ్‌నే పంచుకుంటుంది కనుక, రెండు ముక్కలుంటే చిన్నపాటి ఆటలు అందులోనే చక్కగా ఆడతాయి.

డబ్బు పెట్టి ఆడే ఆటల గురించి మీరు ఉత్తరం చివర అడిగారు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వాటిని నిషేధించింది. మీ అబ్బాయి అడిగే ఆటలు ఆ కోవలోవి కావు. రెంటినీ ఒకే గాటన కట్టి తిడితే అతను మీ మాట వినడం మానేస్తాడు.

ప్రశ్న: ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. అయినా కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్ ఆరిపోయి మళ్లీ ఆన్ అవుతోంది. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది.
— ఒక జీడిపప్పు వ్యాపారి, పలాస

జవాబు: మొదటిది సులువు. చాలా ఇన్వర్టర్ల వెనుక 'యూపీఎస్', 'నార్మల్' అని చిన్న స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయాక బ్యాటరీకి మారడానికి ఎక్కువ సమయం పడుతుంది. కంప్యూటర్‌లోని ఎస్‌ఎంపీఎస్ (మెయిన్స్ కరెంటును కంప్యూటర్‌కు తగ్గట్టు మార్చి ఇచ్చే పెట్టె) పూర్తి బరువు మీద ఓపిక పట్టగలిగేది దాదాపు 16 మిల్లీసెకన్లే. స్విచ్‌ను యూపీఎస్ వైపు తిప్పండి. అప్పటికీ ఆరిపోతుంటే కంప్యూటర్‌కు వేరే యూపీఎస్ పెట్టుకోక తప్పదు.

రెండోది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మీ ఇంట్లో ఆ సాకెట్‌కు ఎర్త్ లేదు, లేదా తెగిపోయింది. ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటు గోలను వడగట్టే చిన్న కెపాసిటర్లు ఎర్త్ తీగకు కలిసి ఉంటాయి. ఆ తీగకు నేల అందకపోతే మెయిన్స్‌లో సుమారు సగం వోల్టేజీ క్యాబినెట్ రేకు మీదికి వస్తుంది. కరెంటు స్వల్పమే కనుక జిల్లుమని వదిలేస్తుంది గానీ, ఎర్త్ లేని ఇంట్లో రేపు గ్రైండర్‌లోనో గీజర్‌లోనో తీగ తెగితే అంత మర్యాదగా వదలదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను మీ ప్రాంతంలోనే తీరం దాటింది. స్తంభాలు కూలాక హడావిడిగా లాగిన సర్వీసు తీగలు, తుప్పు పట్టిన ఎర్త్ కడ్డీలు అప్పటినుంచీ అలాగే ఉన్న ఇళ్లు మీ వైపు నేను చూశాను. సిస్టమ్‌ను షాపుకు మోయకండి. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ గొయ్యి చూపించండి. అప్పటివరకు ప్లగ్గు తీయకుండా క్యాబినెట్ మూత విప్పవద్దు.