యుద్ధం నుంచి సైన్యాన్ని వెనక్కి రప్పించడానికి ముందే గడువు పెట్టాలా?

ఈ ప్రశ్న అడిగినవారు అఫ్గానిస్తాన్ సంగతి ఎత్తి, "ఫలానా తేదీకి వెళ్లిపోతామని ముందే చెబితే శత్రువు అప్పటిదాకా కాచుకుని కూర్చుంటాడు కదా" అన్నారు. నా జవాబు ఒకటే. గడువు పెట్టాల్సిందే. అదీ సైన్యాన్ని పంపే రోజే పెట్టాలి, పెట్టాక జరపకూడదు.

1989లో నాకు పదకొండేళ్లు. మా బాపు సైన్యంలో, సమాచారాలు అందించే సిగ్నల్స్ విభాగంలో హవల్దారు. భారత శాంతి సేనతో వెళ్లి శ్రీలంకలో, ట్రింకోమలీలో ఉన్నాడు. అమ్మ, నేను, చెల్లె సికింద్రాబాద్ తిరుమలగిరిలో, మగవాళ్లు ఫీల్డ్‌లో ఉన్న కుటుంబాలకిచ్చే క్వార్టర్లలో ఉండేవాళ్లం. "కొన్ని నెలల పనే" అని చెప్పి వెళ్లిన మనిషి రెండేళ్లయినా రాలేదు. 1987 జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో సంతకాలు చేసిన ఒప్పందంలో మనవాళ్లు ఎన్నాళ్లుండాలో తేదీ రాసుకోలేదు. అక్కడ ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడుతున్న తమిళ పులుల చేత ఆయుధాలు కింద పెట్టించడానికని వెళ్లారు. అక్టోబరు వచ్చేసరికి ఆ పులులతోనే జాఫ్నాలో యుద్ధం మొదలైంది.

1989 జూన్ 1న అక్కడి కొత్త అధ్యక్షుడు ప్రేమదాస, జులై 29 కల్లా భారత సైన్యం వెళ్లిపోవాలన్నాడు. ఆ వార్త రేడియోలో విన్న రోజు అమ్మ నా కంపాస్ బాక్సులోంచి ఎర్ర పెన్ను తీసుకుని, వంటింట్లో స్టవ్ పైన వేలాడే క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ గీత గీసింది. "రేడియోల చెప్పిండ్రు గదా, వస్తడు" అంది. ఆ తేదీ ఆషాఢంలో వస్తుంది. బాపు వస్తే ఉజ్జయిని మహంకాళికి బోనం ఎత్తుతానని మొక్కుకుంది. ఆ గుడి పుట్టుకే ఒక పటాలం మనిషి మొక్కు. 1813లో ఉజ్జయినికి బదిలీ అయిన సురిటి అప్పయ్య అనే డోలీ మోసే ఆయన, కలరా తగ్గితే ఇక్కడ అమ్మవారిని నిలుపుతానని మొక్కుకుని, తిరిగొచ్చాక నిలిపాడని చెబుతారు. అమ్మకు ఆ కథ మీద చాలా నమ్మకం. మా వరుసలో మూడో ఇంటి ఆంటీ కూడా తన క్యాలెండర్‌లో అదే తేదీకి గీత గీసింది. అంకుల్ పదాతి దళంలో ఉండేవాడు. ఇద్దరూ కలిసే గుడికి వెళ్లొచ్చారు.

జులై 29న కొన్ని వందల మందే ఓడ ఎక్కారు. వాళ్లలో బాపు లేడు, అంకుల్ లేడు. పది రోజులకు ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది, "మాకింకా ఆర్డర్ రాలేదు" అని. సెప్టెంబరులో రెండు ప్రభుత్వాలు మళ్లీ మాట్లాడుకుని డిసెంబరు 31 అన్నాయి. అమ్మ క్యాలెండర్ తిప్పి చివరి పేజీలో ఇంకో గీత గీసింది.

నవంబరులో ఒక పొద్దున, మేము బడికి తయారవుతుంటే, క్వార్టర్ల వీధిలోకి జీపు వచ్చింది. ముందు సీట్లో ఒక ఆఫీసర్, వెనక ఒక సుబేదార్ మేజర్. ఆ వేళప్పుడు జీపు ఎందుకు వస్తుందో అక్కడ చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఆడవాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఎవరూ మాట్లాడలేదు. ఎవరింట్లోనో కుక్కర్ విజిల్ మీద విజిల్ వేస్తోంది, ఆపడానికి ఎవరూ కదల్లేదు. అమ్మ నా భుజం పట్టుకుంది. ఆ గోళ్ల గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి. జీపు మా ఇంటి ముందు నెమ్మదించింది. ఆగలేదు. మూడో ఇంటి దగ్గర ఆగింది.

అమ్మ ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినపడింది. ఆ ఊపిరి వదిలినందుకు ఆమె బతికినన్నాళ్లూ బాధపడింది.

నేను అడిగేది ఇదే. అంకుల్ చనిపోయే నాటికే మనవాళ్లు తిరిగి రావాలని రెండు దేశాలూ ఒప్పుకున్నాయి. తేదీ కూడా రాసుకున్నాయి. ఇక ఆయన అక్కడ దేనికి కాపలా ఉన్నట్టు? జులై 29 అన్న మాట జులై 29నే నిలబడి ఉంటే ఆయన మా వీధిలోనే ఉండేవాడు. డిసెంబరు 31 కూడా దాటిపోయింది. ఢిల్లీలో ప్రభుత్వం మారి వి.పి. సింగ్ వచ్చాక, 1990 మార్చి 24న చివరి ఓడ ట్రింకోమలీ వదిలింది. మొత్తం మీద మనవాళ్లు దాదాపు 1200 మంది పోయారు. మద్రాసు రేవులో దిగితే అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి కూడా రాలేదు. బాపు ఇంకే విషయంలోనూ ఎవర్నీ తప్పు పట్టేవాడు కాదు గానీ, ఆ మాట మాత్రం చివరి దాకా మర్చిపోలేదు.

ఇక శత్రువు కాచుకుని కూర్చోవడం సంగతి. గడువు చెప్పినా చెప్పకపోయినా అతను కాచుకునే ఉంటాడు. అది అతని ఊరు. ఎప్పటికైనా వెళ్లిపోవాల్సింది మనమేనని అతనికి మొదటి రోజే తెలుసు. తెలియనిది ఇక్కడ ఇంట్లో ఉన్నవాళ్లకే.

కాబూల్ ఉదాహరణ అందరూ చెబుతారు. నిజానికి అక్కడ జరిగింది గడువు పెట్టడం కాదు, గడువు జరుపుతూ పోవడం. అమెరికా తాలిబాన్లతో చేసుకున్న దోహా ఒప్పందం ప్రకారం దాని సైన్యం వెళ్లిపోవాల్సింది 2021 మే 1 కల్లా. తర్వాత సెప్టెంబరు 11 అన్నారు. మళ్లీ ఆగస్టు 31 అన్నారు. ఈలోపు అఫ్గాన్ సైన్యం విమానాలు బాగుచేసే మెకానిక్కుల్ని కూడా తీసుకెళ్లిపోయారు. ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ల చేతికి పోయింది. మా కాలనీలో అద్దెకుండి ఉస్మానియాలో చదివే అఫ్గాన్ విద్యార్థి ఆ వారమంతా ఫోన్ చెవి దగ్గర నుంచి తీయలేదు. అదే దేశం నుంచి సోవియట్ సైన్యం 1989 ఫిబ్రవరి 15 అని జెనీవాలో ఒప్పుకుని, సరిగ్గా ఆ రోజుకే సరిహద్దు నది అమూ దర్యా మీది వంతెన దాటేసింది. వాళ్లు వదిలివెళ్లిన నజీబుల్లా ప్రభుత్వం 1992 ఏప్రిల్ దాకా నిలబడింది. సోవియట్ యూనియనే లేకుండా పోయి, డబ్బు, ఆయుధాలు ఆగాకే పడిపోయింది. అంత దూరం ఎందుకు, 1971 డిసెంబరులో ఢాకా గెలిచిన మన సైన్యం, బంగ్లాదేశ్ నేత ముజిబుర్ రెహమాన్ అడిగితే, మార్చి కల్లా తిరిగి వచ్చేసింది. దాన్ని ఎవరూ ఓటమి అనలేదు.

టీవీ చర్చల్లో "పని పూర్తయ్యేదాకా ఉండాలి" అని గొంతు చించుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పని ఏమిటో, పూర్తయిందని ఎలా తెలుస్తుందో ఒక్కరూ చెప్పరు. ఇంటి స్లాబుకు కూడా మేస్త్రీని "ఎన్ని రోజులు?" అని అడిగి పని మొదలుపెట్టిస్తాం.

బాపు మార్చి నెలాఖరులో చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చాడు. చెల్లె గుర్తుపట్టక అమ్మ వెనక దాక్కుంది. ఆ ఆషాఢంలో అమ్మ బోనం ఎత్తింది. ఆంటీ వాళ్లు అప్పటికే క్వార్టర్ ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోయారు. అమ్మ గుడిలో వాళ్ల పేరు మీద కూడా ఒక కొబ్బరికాయ కొట్టించి, ఆ చిప్పను ఇంటికి తీసుకురాకుండా మెట్ల దగ్గరే ఎవరికో ఇచ్చేసింది.