అమలాపురం నుంచి ఇద్దరం, ఆగస్టులో నాలుగు రాత్రులు మారిషస్ వెళ్తున్నాం. తూర్పు ఒడ్డున రిసార్టు ఆఫర్లో వస్తోంది, తీసుకోమంటారా?

వద్దండి. ఆగస్టులో అక్కడ ఆఫర్ ఎందుకు పెట్టారో రిసార్టు వాళ్ళు చెప్పరు, దిగాక గాలే చెబుతుంది.

మనకి శ్రావణమాసం పెళ్ళిళ్ళ సీజను. మారిషస్‌లో అది నడి చలికాలం. ఆ నెలల్లో ఆగ్నేయం నుంచి గాలి రోజుల తరబడి వదలకుండా కొడుతుంది. బెల్ మార్, ట్రూ దో దూస్ ఉన్న తూర్పు ఒడ్డు సరిగ్గా దానికి ఎదురు. మన ఓడలరేవు బీచిలో లాగే అక్కడా ఒడ్డంతా సరుగుడు చెట్లే. ఆగస్టులో కొమ్మలన్నీ ఒకే పక్కకి ఒరిగి ఊగుతూ ఉంటాయి. ఇసుక వచ్చి కాఫీ కప్పులో పడుతుంది. నీళ్ళు 22, 23 డిగ్రీలు, మన కాలవల్లో ఈతలు కొట్టినవాళ్ళకి అది చల్లనే. సాయంత్రం ఆరు కాకుండానే పొద్దు గూకుతుంది. ఫొటోలో నీళ్ళు నీలంగానే ఉంటాయి, కాదనను.

పడమటి ఒడ్డున దిగండి. మధ్యలో కొండలు అడ్డం కాబట్టి గాలీ వానా రెండూ తక్కువ. ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ నుంచి టామరిన్ దాకా ఎక్కడైనా పరవాలేదు. వాయవ్యాన ట్రూ ఓ బిష్ కూడా మంచిదే. లె మోర్న్ దగ్గర మాత్రం మోసపోతారు. మ్యాపులో అది పడమరే, కానీ నైరుతి కొసన గాలి మలుపు తిరిగే చోట ఉంది. పెద్ద గాలిపటం పట్టుకుని పలక మీద నీళ్ళపై జారే కైట్ సర్ఫింగ్ వాళ్ళు ఆ గాలి కోసమే అక్కడికి ఎగబడతారు. అదే మాఘమాసపు పెళ్ళి తర్వాత ఫిబ్రవరిలో వెళ్తుంటే లెక్క తిరగబడేది: అప్పుడు ఎండాకాలం, పడమర ఉడికిపోతుంది, తూర్పున కాస్త గాలి ఆడుతుంది. కానీ అది తుఫాన్ల కాలం. హెచ్చరిక స్థాయి పెరిగే కొద్దీ బీచీలు, బస్సులు, చివరికి విమానాశ్రయం మూసేస్తారు. నాలుగు రాత్రుల్లో రెండు గదిలోనే గడిచిపోవచ్చు.

తూర్పున చూడాల్సింది ఇల్ ఓ సెర్ఫ్ దీవి ఒక్కటే, దానికి ఒక పూట చాలు. ట్రూ దో దూస్ నుంచి స్పీడు బోటు పావుగంటలో దింపుతుంది. సఖినేటిపల్లి దగ్గర పంటు మీద నిలబడి కబుర్లు చెప్పుకుంటూ గోదావరి దాటినట్టు ఉండదు. గాలి ఉన్న రోజు బోటు ముక్కు లేచి దబ్బున పడుతుంది, ఆ దెబ్బ నేరుగా నడుముకి. వెనక వరసలో కూర్చోండి, ఫోను కవర్లో పెట్టండి, పొద్దున్న మొదటి బోటుకే వెళ్ళండి. మధ్యాహ్నానికి గాలి ముదురుతుంది.

మారిషస్ చుట్టూ చాలావరకు పగడపు దిబ్బ కోటగోడలా ఉంటుంది కాబట్టి లోపలి నీళ్ళు నిలకడగా ఉంటాయి. పోటుకీ పాటుకీ తేడా సుమారు అర మీటరే. చాలాచోట్ల నడుం లోతులో ఎంత దూరమైనా నడవచ్చు. నడిచేది మాత్రం రబ్బరు అడుగున్న నీటి బూట్లతో, చెప్పులతో కాదు. అడుగున పగడపు ముక్కలు, ముళ్ళ బంతుల్లాంటి సముద్రపు జీవులు, అంటే ఉర్చిన్లు ఉంటాయి. అచ్చం రాయిలా కదలకుండా పడుండే రాతి చేప కూడా ఉంటుంది. దాని వీపు ముల్లు గుచ్చుకుంటే జెల్ల ముల్లు దాని ముందు చీమ కుట్టినట్టే. చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో, అంటే 45 డిగ్రీల లోపు, కాలు అరగంట పైగా ముంచి ఉంచాలి, వేడి తగిలితే నొప్పి దిగుతుంది. తగ్గినా తగ్గకపోయినా ఆస్పత్రికి వెళ్ళాలి.

ఇక ఖర్చు. విమానాశ్రయం ఆగ్నేయ మూల ప్లెజాన్స్‌లో ఉంది, ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌కి కారులో గంట. ట్యాక్సీలో మీటరు తిప్పరు, ఎక్కకముందే మాట తేల్చుకోవాలి. మారిషస్ రూపాయి మన రూపాయికి ఇంచుమించు రెండు రెట్లు. మెనూ చూసి చవకని సంబరపడేవాళ్ళంతా ఇక్కడే దెబ్బతింటారు. దాని మీద 15 శాతం వ్యాటు ఉంటుంది, ధరలో కలిసిందో లేదో అడగండి. మూడు పూటల ప్యాకేజీ వద్దు, టిఫినూ రాత్రి భోజనమూ ఉన్న హాఫ్ బోర్డు తీసుకోండి. మధ్యాహ్నం బండి దగ్గర ధోల్ పూరీ తినండి. పల్చగా, గుడ్డలా మెత్తగా ఉంటుంది, లోపల పప్పు పొడి. రెండు ఒకదాని మీద ఒకటి పరిచి, బీన్స్ కూర, రుగాయ్ అనే టమాటా కూర, పచ్చిమిర్చి కారం రాసి చుట్టి కాగితంలో ఇస్తారు. మన బొబ్బట్టులోంచి బెల్లం తీసేసినట్టు అనుకోండి.

"సౌత్ టూర్" అని వ్యాను ఎక్కిస్తారు చూశారూ, దాంట్లో సగం పూట ఓడ బొమ్మల దుకాణానికీ వజ్రాల షాపుకీ పోతుంది. వ్యానువాడికి కమీషను, మీకు విసుగు. మీరే ట్యాక్సీ మాట్లాడుకుని షమరెల్‌లో రంగురంగుల మట్టి నేల, గుళ్ళున్న సరస్సు గంగా తలావ్ మాత్రం చూసి రండి. తలావ్ ఎత్తు మీద ఉంది, స్వెట్టర్ పట్టుకెళ్ళండి.

ముంబై మీదుగా వెళ్తూ రెండు విమానాలకీ టికెట్లు వేరువేరుగా కొంటే అక్కడ బ్యాగులు తీసుకుని మళ్ళీ చెకిన్ చేయాలి, మధ్యలో ఆరు గంటలైనా పెట్టుకోండి. వీసాకి ముందే దరఖాస్తు అక్కర్లేదు. తిరుగు టికెట్టు, హోటల్ బుకింగ్, ఆన్‌లైన్ ఫారం ఉండాలి. తమలపాకులు, పచ్చి కొబ్బరికాయ పర్మిట్ లేకుండా లోపలికి రానివ్వరు. పూతరేకులైతే గట్టి డబ్బాలో పెట్టి చేతి సంచిలోనే ఉంచండి, లగేజీలో వేస్తే పొడే మిగిలేది.

మీరు అడగలేదు కానీ, ఒక పూట పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్‌కి కేటాయించండి. 1834 తర్వాత కూలి ఒప్పందాల మీద వెళ్ళిన మనవాళ్ళు ఓడ దిగి ఎక్కిన రాతి మెట్లు అవి. యునెస్కో 2006లో వారసత్వ జాబితాలో పెట్టింది. అప్పట్లో తెలుగువాళ్ళు ఓడెక్కిన రేవుల్లో మన కోరంగి ఒకటి. కోరంగి వెళ్ళి మడ అడవిలో సెల్ఫీ దిగొచ్చేవాళ్ళలో అక్కడొక రేవు ఉండేదని ఎంతమందికి తెలుసు? మారిషస్‌లో మాత్రం ఉగాదికి ఇప్పటికీ ప్రభుత్వ సెలవు. మోకా అనే ఊళ్ళో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ వలస రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. మీ ఇంట్లో ముత్తాత తరంలో "దీవికి పోయి మళ్ళీ రాలేదు" అని ఎవరి గురించైనా చెప్పుకుంటుంటే, పేరు, తండ్రి పేరు, ఊరు, ఉజ్జాయింపుగా వెళ్ళిన సంవత్సరం కాగితం మీద ఇంగ్లీషులో రాసుకెళ్ళండి. అప్పటి గుమాస్తాలు చెవికి వినబడినట్టు రాసుకున్నారు కాబట్టి ఒక్కో పేరుకి మూడు నాలుగు స్పెల్లింగులు రాసుకోండి. పనిరోజుల్లోనే వెళ్ళండి.