మెడ తిరిగితే ఎండదెబ్బ కాదు

ప్రశ్న: మాకు 40 నాటుకోళ్లు ఉన్నాయి. వారంలో 11 చనిపోయాయి. ఆకుపచ్చగా పారుకుంటున్నాయి, రెండింటికి మెడ తిరిగింది. ఎండదెబ్బ అనుకుంటున్నాం. మందుల షాపాయన యాంటీబయాటిక్, ‘ఇంటర్‌ఫెరాన్ పెంచే’ పొడి ఇచ్చాడు. ఇంకో డబ్బా తేవాలా?
– ఒక రైతు, దేవరకొండ, నల్లగొండ జిల్లా

జవాబు: వద్దు. ఎండదెబ్బ తగిలిన కోడి నోరు తెరిచి రొప్పుతుంది. మీరు పంపిన ఫొటోలో పుంజు తల వెనక్కి తిరిగి ఆకాశం చూస్తోంది. ఇది కొక్కెర తెగులే (రాణిఖేత్) అనిపిస్తోంది. బర్డ్ ఫ్లూ లోనూ ఈ లక్షణాలు ఉండొచ్చు కాబట్టి ముందు పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. చచ్చిన కోడిని కోయకండి, సంతకు ఒక్క కోడినీ పంపకండి.

రెండూ వైరస్ జబ్బులే. వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు.

ఇక ఇంటర్‌ఫెరాన్. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రవేత్తలు దాన్ని కనిపెట్టిందే కోడిపిండం పొరల్లో. మీ కోళ్ల ఒంట్లో ఎప్పుడూ ఉన్నదే. వైరస్ సోకిన కణం దాన్ని బయటికి వదులుతుంది, ఊళ్లో దండోరా వేసినట్టు. అది అందుకున్న పక్క కణాలు వైరస్ జన్యుపదార్థాన్ని (ఆర్‌ఎన్‌ఏ) ముక్కలు చేసే, ప్రోటీన్ల తయారీని ఆపే ఎంజైములను సిద్ధం చేసుకుంటాయి. వైరస్ లోపలికి వచ్చినా పెరగడం కష్టం. అంతేగానీ ఇంటర్‌ఫెరాన్ నేరుగా వైరస్‌ను చంపదు. పైగా కొక్కెర తెగులు వైరస్‌కు ‘వి’ అనే ప్రోటీన్ ఉంది. దండోరా విన్నా, కబురు కణం లోపలికి చేరకుండా అది అడ్డుపడుతుంది.

మీ డబ్బా లేబుల్ చదివాను: విటమిన్ సి, ఇ, సెలీనియం. ఇంటర్‌ఫెరాన్ అట్ట మీదే ఉంది. లోపల ఉన్నా అది ప్రోటీనే, నీళ్లలో తాగిస్తే చాలావరకు అరిగిపోతుంది. డబ్బా ధర షాపాయనకు బాగా తెలుసు, జబ్బు తెలియదు.

జబ్బు కోళ్లను వేరు చేయండి. చచ్చినవాటిని మూడడుగుల గుంతలో సున్నం చల్లి పూడ్చండి. బర్డ్ ఫ్లూ కాదని తేలాక, బాగున్నవాటికి డాక్టరును అడిగి కొక్కెర తెగులుకు వేసే లసోటా టీకా కంట్లో ఒక చుక్క వేయించండి. ఇకపై కోడిపిల్లలకు 5–7 రోజులకు, మళ్లీ 28వ రోజున లసోటా; 8 వారాలకు అదే జబ్బుకు ఆర్2బి టీకా 0.5 మి.లీ. రెక్క దగ్గర చర్మం కిందికి. దానికి వారం ముందు నట్టల మందు తాగించండి.

టీకాను ఐస్ పెట్టెలోనే తేవాలి. షాపులో ప్లాస్టిక్ కవర్లో వేసి ఇస్తే అక్కడే వదిలేయండి. కలిపాక రెండు గంటల్లో, ఉదయం చల్లపూటే వేసేయాలి. సగం సీసా మిగిలిందని మర్నాటికి దాచకండి.