పాత స్కూటర్ కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆన్‌లైన్‌లో చూసిన స్కూటర్ నచ్చిందనీ, రెండు వేలు అడ్వాన్సు పంపితే మరెవరికీ ఇవ్వనని అమ్మే ఆయన అంటున్నాడనీ రాశావు. బండిని కళ్లతో చూడకముందు ఒక్క రూపాయి కూడా పంపవద్దు. తాను సైన్యంలో ఉన్నాననీ, బదిలీ అయినందున చవకగా ఇచ్చేస్తున్నాననీ చెప్పి గుర్తింపు కార్డు ఫొటో పంపేవాడైతే మాట అక్కడితో ఆపివేయి. డబ్బు వాపసు ఇస్తాను, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమన్నా అంతే; యూపీఐ పిన్ మన డబ్బు పోవడానికే తప్ప రావడానికి అవసరం లేదు. ఒకవేళ పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

అయితే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ పచ్చి మోసగాళ్లు కాదు, బండి నిజంగానే ఉండి సగం నిజం చెప్పేవారు. ఫస్ట్ ఓనర్ అని ప్రకటనలో రాస్తారు, తీరా ఆర్సీలో వేరే పేరు కనిపిస్తే మా బావగారిదేనంటారు. ఆ బావగారే వచ్చి, బండిని నీ పేరుకు మార్చే ఫారం 29, ఫారం 30 మీద నీ ఎదుట సంతకం చేస్తే తప్ప బేరం వద్దు. ఆర్సీలో ఫైనాన్స్ సంస్థ పేరుంటే, అప్పు ఎప్పుడో తీరిపోయిందన్న మాటతో సరిపెట్టుకోకుండా, ఆ సంస్థ ఇచ్చిన ఎన్ఓసీనీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్సీలోంచి అప్పు తొలగించడానికి ఆ సంస్థ సంతకం చేసిన ఫారం 35నూ చూపమని అడుగు. ఛాసిస్ నంబరును బండి మీదే చదివి ఆర్సీతో పోల్చుకో. చలాన్ల బాకీ ఎంతుందో ఆన్‌లైన్‌లో బండి నంబరు కొట్టి ముందే చూసుకొని, అది వారే కట్టేలా మాట్లాడుకో.

కిలోమీటర్ల విషయంలో మీటరును కాక టైరును అడగాలి. టైరు పక్కభాగం మీద, అది తయారైన కాలాన్ని తెలిపే నాలుగంకెలు అచ్చొత్తి ఉంటాయి. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. 2021లో రిజిస్టరై, తొమ్మిది వేలే తిరిగిందంటున్న బండికి 1524 అన్న టైరుంటే, అంటే 2024లో 15వ వారంలో తయారైనదుంటే, పాత టైరు అంత త్వరగా ఎందుకు మార్చవలసివచ్చిందో చెప్పమను. పంక్చర్లని చెప్పవచ్చు, అది నిజమూ కావచ్చు. అప్పుడు సర్వీసు బిల్లులు చూపడానికి ఆయనకు అభ్యంతరం ఉండకూడదు.

నువ్వు వెళ్లేసరికి ఇంజను వేడిగా ఉంటే, ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, చల్లారేదాకా కూర్చొని, అప్పుడు నువ్వే స్టార్ట్ చేసి చూడు. తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లు, అతని కూలికి వెనుకాడవద్దు. ఆదివారంలోగా ఆర్సీ రెండు వైపుల ఫొటోలూ నాకు పంపు.

ఇట్లు,
మామయ్య