ఏజెంటు మాట విని పాత పాలసీ మానేయాలా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. రాజమహేంద్రవరంలో ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 34,000. మావారికి ఎలక్ట్రికల్ సామాన్ల షాపు, ఖర్చులు పోను నెలకు 42,000 దాకా మిగులుతుంది. ఇంటి లోన్ కిస్తీ 18,500. అమ్మాయి బీటెక్ రెండో ఏడు. ఎఫ్‌డీలు 5 లక్షలు, నెలకు 10,000 చీటీ (ఇంకా ఎనిమిది నెలలుంది). 2023లో నాకు గ్రేవ్స్ జబ్బు, అంటే థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, ఉందని తేలింది. పోయినేడాది నుంచి కళ్లు ముందుకొచ్చాయి, పక్కకు చూస్తే ఒకటి రెండుగా కనిపిస్తోంది. డెక్సా స్కాన్‌లో వెన్నెముక టీ-స్కోర్ (ఎముక గట్టిదనం చూపే అంకె) మైనస్ 1.9 వచ్చింది. వారానికొకటి చొప్పున 12 వారాలు స్టెరాయిడ్ ఎక్కించాలని, తర్వాత కంటికి ఆపరేషన్ అవసరం కావచ్చని హైదరాబాద్ డాక్టరుగారు చెప్పారు. 2020 ఆగస్టులో ముగ్గురికీ కలిపి తీసుకున్న 5 లక్షల హెల్త్ పాలసీ ఉంది, ప్రీమియం 23,600 కట్టాం. అది మానేసి 10 లక్షల కొత్త పాలసీ, దాంతోపాటు క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ తీసుకోమని ఏజెంటు అంటున్నారు. ఫారంలో థైరాయిడ్ సంగతి రాయొద్దట. న్యూజెర్సీలో ఉన్న మా ఆడపడుచు అక్కడి కొత్త ఇంజెక్షన్ గురించి చెబుతోంది. బంగారం అమ్మేద్దామని మావారు. థైరాయిడ్ ఆపరేషన్ కన్నా అయోడిన్ మందు చవకట, పన్నులో ఏమైనా తగ్గుతుందా అన్నదీ తెలియాలి. పోయినేడాది జబ్బు ఖర్చుల లెక్క, ఇంటి ఖర్చుల కాగితం జతచేశాను. ఏం చేయమంటారు?

జవాబు: బంగారం బీరువాలోనే ఉండనివ్వండమ్మా. ముందు ఆ 2020 పాలసీ కాగితం బయటికి తీయండి. ప్రస్తుతం మీ ఇంట్లో అన్నిటికన్నా విలువైన ఆస్తి అదే. ఏజెంటుగారు వదిలేయమంటున్నదీ దాన్నే.

ఎందుకో చెబుతాను. పాలసీ తీసుకున్నది 2020లో, జబ్బు బయటపడింది 2023లో. కాబట్టి ఆ పాలసీ దృష్టిలో మీ థైరాయిడ్ ‘ముందు నుంచీ ఉన్న జబ్బు’ కాదు, పాలసీ నడుస్తుండగా వచ్చిన జబ్బు. దానివల్ల కంటికి వచ్చిందీ అంతే. పైగా నిరంతరాయంగా 60 నెలలు కట్టిన పాలసీని, మోసం రుజువైతే తప్ప, ఫలానా సంగతి దాచారంటూ కంపెనీ ప్రశ్నించడానికి వీల్లేదు. గతంలో ఇది ఎనిమిదేళ్లు ఉండేది, 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఐదేళ్లకు తగ్గించింది. మీరు ఆ గీత దాటేశారు.

అదే కొత్త పాలసీ తీసుకుంటే మీ థైరాయిడ్, కన్ను, ఎముక అన్నీ ‘ముందు నుంచీ ఉన్నవి’ అయిపోతాయి. వాటికి మూడేళ్ల దాకా వెయిటింగ్ (ఆ జబ్బుకు డబ్బు ఇవ్వని గడువు) పెట్టే హక్కు కంపెనీకి ఉంది. ఇప్పుడు మీ కంటి జబ్బు నడక చూడండి. ఈ వాపు సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్లు చురుగ్గా ఉండి తర్వాత చల్లబడుతుంది. చల్లబడి ఓ ఆరు నెలలు నిలకడగా ఉన్నాకే డాక్టర్లు మామూలుగా ఆపరేషన్ల జోలికి వెళతారు. అదీ ఒక వరస ప్రకారం: కంటి వెనక చోటు పెంచేది ముందు, మెల్ల సరిచేసేది తర్వాత, రెప్పలది చివర. అందరికీ మూడూ అవసరం పడవు. మీకు మొదలై ఏడాది అవుతోంది కనుక, అవసరమైతే ఆపరేషన్ ఖర్చు వచ్చే రెండేళ్లలోనే రావచ్చు. సరిగ్గా ఆ రెండేళ్లలో కొత్త పాలసీ మీ కంటికి పైసా ఇవ్వదు. పది లక్షలని పెద్ద అంకె కనిపిస్తుంది, చేతికొచ్చేది సున్నా.

ఫారంలో ‘లేదు’ అని రాయడం గురించి ఒక్కమాటే. ఎదురుగా కూర్చున్న ఏ డాక్టరైనా మీ కళ్లు చూడగానే థైరాయిడ్ అంటారు. దాచగలిగింది కూడా కాదు, వదిలేయండి. సంతకం మీది, కమీషన్ ఆయనది.

క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ క్యాన్సర్, గుండెపోటు, కిడ్నీ ఫెయిల్యూర్, పక్షవాతం లాంటి జాబితాకు మొత్తం ఒకేసారి ఇచ్చే సరుకు. గ్రేవ్స్ జబ్బు ఆ జాబితాల్లో ఉండదు. కొన్నిటిలో ‘చూపు పోవడం’ ఉంటుంది గానీ, రెండు కళ్లలోనూ చూపు మళ్లీ రానంతగా పోతేనే. ఒకటి రెండుగా కనిపిస్తే ఇవ్వరు. ఆ ప్రీమియం డబ్బుతో మీవారికి టర్మ్ పాలసీ తీసుకోండి. లోన్ ఉంది, అమ్మాయి చదువు ఉంది, ఆయన పేరున జీవిత బీమా ఒక్కటీ మీ ఉత్తరంలో కనిపించలేదు.

5 లక్షలు చాలవేమోనన్న మీ భయం మాత్రం సరైనదే. పాతది ఉంచుకునే పెంచే దారులు రెండు. రెన్యువల్ అప్పుడు అదే కంపెనీని 10 లక్షలకు పెంచమనడం ఒకటి. వాళ్లు ఒప్పుకుంటే వెయిటింగ్, 60 నెలల లెక్క అన్నీ పెంచిన 5 లక్షలకే మొదటి నుంచి మొదలవుతాయి, పాత 5 లక్షలు చెక్కుచెదరవు. రెండోది సూపర్ టాప్-అప్, అంటే ఏడాదిలో ఖర్చు 5 లక్షలు దాటాక ఆ పైది ఇచ్చే పాలసీ. మీ జబ్బుకు అక్కడా వెయిటింగ్ తప్పదు, అసలు ఇవ్వకపోయినా ఆశ్చర్యపోవద్దు. అప్పుడు మీవారికీ అమ్మాయికీ అయినా తీసుకోండి. అన్నట్టు, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ పోయింది. మీరు కట్టిన 23,600లో 3,600 పన్నే. మిగిలిన ఆ డబ్బు టాప్-అప్‌కు కొంత ఊతం.

ఇక క్లెయిము. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

స్టెరాయిడ్ ఎక్కించడం కొన్ని గంటల పని, రాత్రి ఉండనక్కర్లేదు. డే-కేర్ కింద వస్తుందా, 12 వారాలకూ ఒకే అనుమతి ఇస్తారా, వారం వారం అడగాలా అన్నది మొదటి సూది పడకముందే ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్ ద్వారా రాతపూర్వకంగా అడగండి. సూదులు అయిపోయాక ‘ఇది ఓపీ’ అనిపించుకోవద్దు.

ఆపరేషన్ దగ్గర పేచీ వేరు. అందం కోసం చేయించుకునే సర్జరీలకు ఏ పాలసీ ఇవ్వదు. కన్ను లోపలికి జరపడం, రెప్ప దించడం, మెల్ల సరిచేయడం అనేసరికి క్లెయిము చూసేవాళ్లు మొదట అనుమానించేది అదే. అయితే ఆ నిబంధనలోనే మినహాయింపు ఉంది: ఆరోగ్యానికి నేరుగా, తక్షణంగా ఉన్న ముప్పును తొలగించే చికిత్స అని వైద్యుడు ధ్రువీకరిస్తే ఇవ్వాలి. కాబట్టి ‘కళ్లు పెద్దవిగా కనిపిస్తున్నాయి’ అన్న వాక్యంతో కాగితం వెళ్లకూడదు. రెప్ప మూతపడక నల్లగుడ్డు ఎండిపోతోందా, కంటి నరం మీద ఒత్తిడి ఉందా, ఏ వైపు చూస్తే రెండుగా కనిపిస్తోంది, ఫీల్డ్ టెస్టులో (చూపు పరిధి కొలిచే పరీక్ష) ఏం వచ్చింది, ఇవన్నీ కొలతలతో ఉండాలి. ప్రతి రిపోర్టూ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టండి.

ఇంకో చిన్న సంగతి, పెద్ద నష్టం. అడ్మిషన్ అప్పుడు జూనియర్ డాక్టరు ‘ఎన్నాళ్ల నుంచి థైరాయిడ్?’ అంటే మనవాళ్లు ‘చాలా ఏళ్ల నుంచేనండీ’ అంటారు. ఆయన పదేళ్లు అని రాసేస్తాడు. నా దగ్గరికొచ్చిన ఒకావిడ క్లెయిము ఆ ఒక్క ముక్క మీద ఏడు నెలలు ఆగింది. మీరు 2023 అని నెలతో సహా చెప్పండి, డిశ్చార్జి సమ్మరీలో అదే పడిందో లేదో చూశాకే సంతకం పెట్టండి. తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వక ఫిర్యాదు, నెల దాటినా జవాబు రాకున్నా, వచ్చింది నచ్చకున్నా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. రెండు రాష్ట్రాలకూ ఆ కార్యాలయమే, ఫీజు ఉండదు.

గది అద్దె పరిమితి కూడా చూసుకోండి. పాత పాలసీల్లో రోజుకు బీమా మొత్తంలో 1 శాతం, అంటే మీకు 5,000, అని ఉండడం మామూలే. మీరు 8,000 గదిలో దిగితే గది అద్దె తేడా ఒక్కటే కాదు, డాక్టరు ఫీజు, థియేటర్ ఛార్జీలు కూడా ఎనిమిదిలో ఐదొంతులే ఇస్తారు.

ఇప్పుడు ఏ పాలసీ ఇవ్వని ఖర్చు. మీరు పంపిన పోయినేడాది లెక్క నాకు బాగా నచ్చింది: మందులు, కంటి చుక్కలు నెలకు 1,900 చొప్పున 22,800. రక్తపరీక్షలు ఆరుసార్లు, 9,600. హైదరాబాద్ ప్రయాణాలు నాలుగు, 24,000. డెక్సా, సీటీ స్కాన్ 11,600. మొత్తం 68,000. ‘ఎటు పోయాయో తెలియడం లేదు’ అన్నారు గానీ, అన్నీ ఇందులోనే ఉన్నాయి. థైరాయిడ్ అంటే చవక మాత్ర అనే అందరికీ తెలుసు, నిజమే. కానీ కంటి వెనక కొవ్వులోనూ కండరాల్లోనూ థైరాయిడ్ గ్రంథికి ఉన్న గ్రాహకాలే ఉండడంతో మన రోగనిరోధక శక్తి అక్కడా దాడి చేస్తుంది. హార్మోన్ ఎక్కువైతే ఎముక కట్టుకునే దానికన్నా వేగంగా కరుగుతుంది. అందుకే ఒక జబ్బుకు ముగ్గురు డాక్టర్లు, మూడు బిల్లులు.

ఏడాదికి 68,000 అంటే నెలకు 5,700. జీతం పడిన రోజే 6,000 వేరే ఖాతాలోకి వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేయండి, ఆ కార్డు ఆస్పత్రికీ మందుల షాపుకీ తప్ప బయటికి తీయొద్దు. ఎఫ్‌డీల్లో 2 లక్షలు ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే స్వీప్ ఖాతాలోకి మార్చండి. రంగులు వెలిసినట్టు కనిపించినా, చూపు మసకబారినా అది అత్యవసరం, ఆ రోజు డబ్బు కోసం వెతుక్కోకూడదు. మిగతా 3 లక్షలు ఇంటి అవసర నిధి. చీటీ డబ్బు అమ్మాయి ఫీజులకు. ప్రయాణాల మీద ఒక మాట: ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రికి విశాఖ, విజయవాడల్లోనూ క్యాంపస్‌లు ఉన్నాయి. మధ్యలో చూపించుకునేవి దగ్గర్లో కానిచ్చి, పెద్ద నిర్ణయాలకే హైదరాబాద్ రావచ్చా అని మీ డాక్టరుగారిని అడగండి. ఏడాదికి రెండు ప్రయాణాలు తగ్గినా 12,000.

కోత పెట్టకూడనివీ ఉన్నాయి. టీఎస్‌హెచ్ పరీక్ష (థైరాయిడ్ పనితీరు చూసే రక్తపరీక్ష) ఒకటి. ఇప్పుడు మందు డోసు సరిచూడటానికి అది కావాలి. రేపు గ్రంథి తీసేసి థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్ర మీదికి వచ్చినా కావాలి, డోసు ఎక్కువైతే మళ్లీ ఎముకే కరుగుతుంది. మీ స్కోరు మైనస్ 1.9, మైనస్ 2.5కు గానీ అంతకన్నా కిందికి గానీ దిగితే ఎముకల గుల్లతనం అంటారు. మీకు మెనోపాజ్ వయసు, దానికి తోడు స్టెరాయిడ్ ఒకటి, కాబట్టి ఎముక సంగతేమిటని స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందే అడగండి. ఒకటి రెండుగా కనిపించే మనిషికి మెట్లూ బాత్‌రూమూ గండాలు. తుంటి ఎముక విరిగితే అయ్యే ఖర్చు ముందు గోడకు రెండు పట్టు కడ్డీలు, జారని చాపలు, రాత్రి లైటు ఖర్చు లెక్కలోకే రాదు. ఈ నెలలోనే వేయించండి. స్కూటీ కూడా డాక్టరు సరేననే దాకా పక్కన పెట్టి, ఆటో డబ్బు జబ్బు ఖాతాలోంచే వాడండి.

థైరాయిడ్‌కు రేడియో అయోడిన్ మందు, గ్రంథి తీసే ఆపరేషన్ కన్నా తక్కువలో అయిపోతుందట కదా అని కూడా రాశారు. కన్ను చురుగ్గా ఉన్నప్పుడు దానితో కంటి జబ్బు ముదిరే అవకాశం ఉంది. అది ధర చూసి ఎంచుకునే చోటు కాదు, మీ థైరాయిడ్ డాక్టరు, కంటి డాక్టరు ఇద్దరూ మాట్లాడుకోనివ్వండి.

మీ ఆడపడుచు చెప్పింది టెప్రోటుముమాబ్ అయి ఉండాలి. 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది, మూడు వారాలకొకటి చొప్పున ఎనిమిది డోసులు. అక్కడ ఒక కోర్సు ధర లక్షల డాలర్లలో ఉంటుంది, ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి వాళ్లు మాట్లాడగలుగుతున్నారు. దానికోసం ఎఫ్‌డీ మీద చేయి వేయొద్దు.

పన్ను గురించి అడిగారు. 80డి కింద ప్రీమియం తగ్గింపు పాత పన్ను విధానంలోనే. మీ జీతానికి కొత్త విధానంలో పన్నే పడదు, కాబట్టి దాని కోసం ఏదీ కొనక్కర్లేదు. మీ స్కూల్లో ఎవరో చెప్పిన 80డీడీబీ (కొన్ని పెద్ద జబ్బుల వైద్య ఖర్చుకు పన్ను తగ్గింపు) జాబితాలో థైరాయిడ్ లేదు.

చివరికి మీ ఇంటి ఖర్చుల కాగితంలో అడుగున చిన్న అక్షరాల్లో రాసిన అంకె: ‘మావారి సిగరెట్లు 2,400’. థైరాయిడ్ కంటి జబ్బును ముదిర్చేవాటిలో పొగ ముందుంటుంది, చికిత్స కూడా సరిగా పనిచేయనివ్వదు. పొగతాగేవాళ్ల మీద తేలిన సంగతి ఇది, పక్కన కూర్చుని పీల్చడమూ వద్దనే డాక్టర్లు చెబుతారు. నెలకు కావలసిన 6,000లో 2,400 అక్కడే దొరికింది. ఈ జవాబు ఆయన చేత చదివించండి.

రెన్యువల్ ఆగస్టులో కదా. జూన్ మొదటి వారంలోనే బీమా మొత్తం పెంచమని కంపెనీకి మెయిల్ పెట్టండి. వాళ్లు కాదంటే వేరే కంపెనీకి పోర్ట్ చేసి చూడటానికి గడువుకు నెలన్నర ముందే అడగాలి. పోర్ట్ చేస్తే పాత 5 లక్షల మేరకు మీరు దాటిన వెయిటింగ్ మీ వెంటే వస్తుంది. కొత్తవాళ్లు ఒప్పుకున్నట్టు కాగితం చేతికొచ్చేదాకా పాతది ఆపొద్దు.